వదిన పేర మొదటి కాపీ

అక్టోబరు 4

వదిన గారికి,

నమస్కారములు. ఇక్కడ మా సంస్థలోని నలుగురమూ క్షేమం. ఆ నలుగురిలో నేనూ ఒకణ్ణి కాబట్టి నా క్షేమం గురించి విడిగా రాయడం లేదు.

ఫోనులో చెప్పదగిన సంగతిని కాగితం మీద పెడుతున్నందుకు మన్నించండి. ఫోనులో అన్న మాట గాలికి పోతుంది. పైగా ఫోనులో అయితే మీరు మధ్యలో నవ్వుతారు. ఇది నవ్వదగిన విషయం కాదు.

దూలాలకూ శ్లాబులకూ ఎంత ఇనుము వేయాలో లెక్కకట్టి డిజైన్ షీటు అచ్చువేసే మా ప్రోగ్రాము ‘దూలం’ను ఒకరు కొంటే పదిమంది వాడుతున్న సంగతి మీకు తెలిసినదే. మొదట పాస్‌వర్డు పెట్టాం. కొన్నవాళ్ళు దాన్ని మరిచిపోయారు, కొననివాళ్ళు గుర్తుపెట్టుకున్నారు. తరువాత కంప్యూటరుకు గుచ్చే తాళం ఒకటి ఇచ్చాం. తాళం పోగొట్టుకున్నవారు దొంగ కాపీ తెచ్చుకుని, అది అసలుదానికన్నా హాయిగా ఉందని మాకే ఫోను చేసి అభినందించారు. తాడిని తన్నేవాడు ఉంటే వాడి తలను తన్నేవాడు ఉంటాడని విన్నాను గాని, ఆ తల నాదవుతుందని అనుకోలేదు.

కావున సంస్థ గత సోమవారం సమావేశమై (ఇద్దరు సెలవులో ఉన్నారు) ఏకగ్రీవంగా తీర్మానించినది ఏమనగా: ఇకమీదట ప్రతి కాపీ కొన్నవారి పేరు మీదనే పుడుతుంది. తెరవగానే తెర మీద వారి పేరు. అచ్చువేసిన ప్రతి షీటు అడుగున వారి పేరు, వృత్తి, లైసెన్సు నంబరు. వాటిని చెరిపితే ప్రోగ్రాము కదలదు. మనిషి గొడుగు అరువిస్తాడు, స్కూటరు అరువిస్తాడు, తన పేరును మాత్రం అరువివ్వడు. సంస్థ భవిష్యత్తునంతా ఈ సూత్రం మీద నిలబెట్టాను.

ఊళ్ళో శ్లాబు లెక్కలంటే అందరూ తలుచుకునేది మిమ్మల్నే కాబట్టి మొదటి కాపీ మీ పేర చేసి పంపుతున్నాను. మీ పేరు మిగతావారి పేర్లకన్నా ఒక పిసరు పెద్ద అక్షరాల్లో వస్తుంది. ఇది నియమావళికి విరుద్ధం. కాని వదిన మా ఇంటికి నియమావళికన్నా ముందే వచ్చింది.

అన్నయ్యకు నమస్కారాలు. నా పుచ్చుపన్ను సంగతి వచ్చినప్పుడు ఆయనకే చూపించుకుంటాను.

విధేయుడు,
మీ మరిది


అక్టోబరు 19

మరిదికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి మీ అన్నయ్య, “వీడు మనకి రాశాడా, కోర్టుకి రాశాడా?” అని అడిగారు. మనకే అని చెప్పి నమ్మించేసరికి కాఫీ చల్లారింది.

దూలం బాగుంది. పేరు అంత పెద్ద అక్షరాల్లో చూసుకోవడం మొహమాటంగా ఉంది. నిజం చెప్పాలంటే రెండు రోజులు ముచ్చటగానూ ఉంది. మీ అన్నయ్యకు ఆ ముచ్చట రెండు రోజుల్లో తీరలేదు. నేను వేసిన తొలి షీటును ఫ్రేము కట్టించి తన ఆసుపత్రిలో కుర్చీకి ఎదురుగా గోడకు తగిలించారు. పన్ను పీకించుకునేవాళ్ళకు చూడటానికి వేరే ఏమీ లేదు. నోరు తెరిచి ఉంటుంది కాబట్టి ఎదురు చెప్పే వీలూ లేదు.

ఒక్క మాట. ఒక మంచి లెక్క తేలేలోగా నేను పది చిత్తు లెక్కలు వేస్తాను. వాటన్నిటి అడుగునా నా పేరూ నంబరూ వచ్చి కూర్చుంటున్నాయి. నేను సంతకం పెట్టేదాకా అది నా లెక్క కాదు. తెర మీద పేరు ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా ఉంచుకో, షీటు అడుగున మాత్రం తీసెయ్. దీన్ని తేలిగ్గా తీసుకోకు.

పన్ను వాయిదా వెయ్యకు. అది తీర్మానాలకు లొంగే రకం కాదు.

వదిన


నవంబరు 6

వదిన గారికి,

నమస్కారములు. మీ విన్నపాన్ని సంస్థ సానుభూతితో పరిశీలించి తిరస్కరించింది.

షీటు అడుగున పేరు వద్దన్నవారు ఇప్పటిదాకా ముగ్గురు. మొదటి ఇద్దరూ కాపీని పదిమందికి పంచేవారేనని తరువాత తేలింది. మూడో వారు మీరు. నేనేమీ అనడం లేదు. వరస మాత్రం మనవి చేస్తున్నాను.

ఇంతకన్నా ముఖ్యమైన వార్త. మీ ఊరి భవన అనుమతుల కార్యాలయం వారు నన్ను పిలిపించారు. షీటు తన కర్త ఎవరో తానే చెబుతుందనీ, షీటు అబద్ధమాడదనీ అధికారి ఎదుట గంటసేపు వివరించాను. ఆయన చాలా సంతోషించి, దూలం షీటు అడుగున పేరూ నంబరూ ఉంటే ఇక విడిగా సంతకం అక్కర్లేదని అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చారు. సంతకాలు సరిచూసే గుమాస్తాను మొక్కలకు నీళ్ళు పోసే విభాగానికి మార్చారు. ఊళ్ళోని ఇంజనీర్లందరూ దూలమే కొనాలన్న నిబంధన కూడా వారి పరిశీలనలో ఉంది. అది వస్తే మా నలుగురి ఉద్యోగాలూ నిలుస్తాయి. ఈ ఏడాది ఇప్పటిదాకా ఆ మాట కూడా చెప్పగలిగే స్థితిలో లేను.

మీ ఊరు వచ్చి కూడా ఇంటికి రాలేదని కోపగించుకోవద్దు. అధికారి పక్కన ఉండగా బంధువుల ఇంటికి వెళ్ళడం మర్యాదగా ఉండదనిపించింది.

మీ మరిది


జూలై 8

వదిన గారికి,

దీనితోపాటు జతపరిచిన నోటీసు మా సంస్థ అందరికీ పంపే నమూనాయే. అందులో ‘మీరు’ అన్నచోట మిమ్మల్ని ఊహించుకోవద్దు. కాని జవాబు మాత్రం మీరే ఇవ్వాలి.

మీ ఊళ్ళో ప్లాన్లు గీసే షాపుల్లో మా మనిషి తిరిగి చూశాడు. దొంగ కాపీ లేని షాపు లేదు. ప్రతి కాపీ తెరవగానే ఒకటే పేరు, పెద్ద అక్షరాల్లో. ఎవరిదో నేను రాయను. మా మనిషి చదివి వినిపిస్తుంటే మిగతా ఇద్దరూ నా మొహంలోకి చూడకుండా కిటికీలోంచి బయటికి చూశారు.

వదినా, ఎవరికిచ్చారు? జాలిపడి ఇచ్చి ఉంటారు, మీ స్వభావం నాకు తెలుసు. ఆ పేరొక్కటి చెబితే చాలు.

మీ మరిది


జూలై 13

మరిదీ,

నీ నోటీసు వచ్చిన పూటే ఇంకో కాగితం వచ్చింది. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఏమిటో ఈ వయసులో తెలిసింది.

స్టేషను వెనక కొత్తగా కట్టిన ఇంట్లో రెండో అంతస్తు బాల్కనీ విరిగి వేలాడుతోంది. కింద రంగులు వేస్తున్న మేస్త్రీ భుజం విరిగింది. ఆ సమయానికి బాల్కనీలో ఎవరూ లేరు కాబట్టి భుజంతో పోయింది. ఆ ఇల్లు నేనెప్పుడూ చూడలేదు. దాని డిజైన్ షీటు అడుగున నా పేరూ నా నంబరూ ఉన్నాయి.

షీటు చూశాను. గది శ్లాబుకు బరువు మోసే ఊచలు కింది వైపున ఉండాలి, గాలిలోకి పొడుచుకొచ్చిన బాల్కనీకి పై వైపున ఉండాలి. ఎవరో బాల్కనీని గది అని నమోదు చేశారు. దూలం గది లెక్కే కట్టి ఇచ్చింది, ఊచలు కింది వైపున వేశారు. ఇలాంటి షీట్లు కార్యాలయంలో కట్టలు కట్టలుగా ఉన్నాయట, అన్నీ నా పేరే.

నా లైసెన్సు నిలిపివేశారు. ముప్పయ్యో తేదీన విచారణ. ఆ లెక్క నాది కాదని తేలకపోతే లైసెన్సు పోవడంతో ఆగదు, మేస్త్రీ భుజానికి నేను జైల్లో జవాబు చెప్పుకోవాలి. “మీరు వేయలేదంటారు, షీటు మీరే వేశారంటోంది. షీటు అబద్ధమాడదని తయారుచేసినాయనే చెప్పాడు” అన్నాడు అధికారి.

నేనెవరికీ ఇవ్వలేదు. నాకు కావలసింది నీ చేత్తో ఒక్క వాక్యం: షీటు అడుగున ఉన్న పేరు కాపీ ఎవరిదో చెబుతుంది, లెక్క ఎవరు కట్టారో చెప్పదు. రాసి పంపు. ఫోను ఎందుకు ఎత్తడం లేదు?

వదిన


జూలై 19

వదిన గారికి,

ఫోను ఎత్తకపోవడానికి కారణం భయం. ఆ మాట కాగితం మీద రాయడానికి ఇబ్బంది లేదు.

మీరడిగిన వాక్యం నేను రాసిన మరుక్షణం కార్యాలయం ఉత్తర్వు రద్దవుతుంది. దాంతో మేమూ రద్దవుతాం. అడకత్తెరలో పోకచెక్కనై, పాము చావకుండా కర్ర విరగకుండా ఒక వాక్యం తయారుచేశాను: “షీటు అడుగునగల పేరు సదరు వ్యక్తిదే అయినప్పటికీ, సదరు షీటు సదరు వ్యక్తిది కాకపోవు అవకాశమును సంస్థ అంగీకరించుట గాని ఖండించుట గాని చేయదు.” దీన్ని మా టైపిస్టు చదివి, “దీనివల్ల ఎవరికి లాభం సార్?” అని అడిగింది.

ఇంకొకటి, మనసు చంపుకుని రాస్తున్నాను. అన్నయ్య నాకు ఫోను చేశాడు. ఆయనది గనుక ఎత్తాను. “వదినని ఏమీ అడక్కురా. ఎవరిచ్చారు, ఎలా పోయింది అని తవ్వకు. పోయిందేదో పోయిందనుకో” అన్నాడు. గొంతు బాగాలేదు. మీ తప్పును కప్పిపుచ్చడానికి ఆయన పడుతున్న అవస్థ చూస్తే నాకు బాధ కలిగింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నందుకు నేను గర్వపడటం లేదు.

నా సలహా ఒక్కటే. తెలిసినవారికి మంచితనంతో ఇచ్చానని విచారణలో ఒప్పుకోండి. అధికారితో నేను మాట్లాడతాను. మందలించి వదిలేస్తారు.

మీ మరిది


జూలై 24

దూలం సంస్థ నిర్వాహకులకు,

తమరి లేఖ అందినది.

మంచితనం అనే నేరాన్ని ఒప్పుకోమని తమరిచ్చిన సలహాను పరిశీలించి తిరస్కరించడమైనది. పరిశీలించి తిరస్కరించడం తమరి దగ్గరే నేర్చుకున్నాను.

నిన్న ప్లాన్లు గీసే అతనొకడు మా ఇంటికొచ్చాడు. ఆ బాల్కనీ ఇతని పనే. చెప్పులు విడిచి, గుమ్మంలోనే నిలబడి మొదలుపెట్టాడు.

“అమ్మా, నేను దొంగ మనిషిని కాదండీ. నా పేరు మీద కూడా కొన్నాను. బిల్లుంది.”

“మరి నా పేరుది ఎందుకు వాడావయ్యా?”

“నా పేరుతో పెడితే ఆఫీసువాళ్ళు తిప్పి పంపుతున్నారండీ. అదే లెక్క మీ పేరుతో పెడితే ఆ పూటే పాసైంది. అప్పట్నుంచీ అందరం మీదే వాడుతున్నాం. ఇంకెవరి పేరుదీ ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోవడం లేదండీ.” ఇది అతను నన్ను సన్మానిస్తున్నట్టు చెప్పాడు.

“నీకెక్కడ దొరికింది?”

అతను దవడ మీద చెయ్యి పెట్టుకున్నాడు. “డాక్టరు గారే ఇచ్చారు కదండీ. పన్ను కట్టించుకుంటూ గోడ మీద షీటు చూసి తలూపాను. ‘చూశారా, మా ఆవిడ పేరుతో వస్తుంది’ అని పెన్‌డ్రైవులో వేసిచ్చారు. నాకొక్కడికే కాదండీ, తలూపిన ప్రతివాడికీ ఇచ్చారు.”

మావారు అప్పుడు వెనక గదిలోనే ఉన్నారు. అతను వెళ్ళాక బయటికి వచ్చారు.

“ఎందుకిచ్చారు?” అన్నాను.

“నీ పేరుంది కదా అని.”

నేను ఈ ఉత్తరానికి కాగితం వెతుక్కున్నాను.

నిర్వాహకులు గారూ, మనిషి తన పేరు అరువివ్వడన్న తమరి సూత్రం నిజమే. పెళ్ళాం పేరు చూసి మురిసిపోయి ఊరంతా పంచే మొగుడి సంగతి తమరి సమావేశంలో చర్చకు రానట్టుంది. ఆ రోజు సెలవులో ఉన్న ఇద్దరూ పెళ్ళయినవాళ్ళా?

విచారణలో ఆయన పేరు నేను చెప్పను. చెబితే కేసు ఆయన మీదికి వెళుతుంది, ఆసుపత్రి మూతపడుతుంది. నా కాపీని నేను కాపాడుకోలేదన్న మాట అప్పటికీ నా మీద మిగులుతుంది. నేనడిగిన ఆ ఒక్క వాక్యం తప్ప నాకు వేరే దారి లేదు. ముప్పయ్యో తేదీ, ఉదయం పదకొండు గంటలు. వస్తున్నారో లేదో రాయనవసరం లేదు. వచ్చారో లేదో చూస్తాను.

ఇట్లు,
లైసెన్సు నిలిపివేయబడిన ఇంజనీరు


జూలై 31

వదినా,

నిన్న మీరు బయట బల్ల మీద కూర్చుని ఉండగా నేను లోపల ఉన్నాను. సాక్షులను విడివిడిగా వింటామన్నారు. ముగిశాక మీ ఎదుట పడే ధైర్యం చాలక పక్క తలుపునుంచి వెళ్ళి రైలెక్కాను. లోపల జరిగింది తెలుసుకునే హక్కు మీకుంది కాబట్టి రాస్తున్నాను.

అధికారి మొదట, “మీరే కదండీ, ఇదే గదిలో, షీటు అబద్ధమాడదని చెప్పింది?” అన్నారు.

“చెప్పానండి. షీటు ఆడలేదు. నేనాడాను.”

టైపు చేస్తున్నావిడ ఇది రాయాలా వద్దా అని ఆయన వైపు చూసింది. రాయమని నేనే చెప్పాను.

తరువాత సంచిలోంచి ఒక కాపీ తీసి, “ఇది తమరి పేర ప్రత్యేకంగా చేసి తెచ్చాను” అన్నాను. ఆయన మొహం వికసించింది. వారి కంప్యూటరులోనే తెరిచాను. తెర మీద ఆయన పేరూ హోదా వచ్చేసరికి ఇద్దరు ఉద్యోగులు కుర్చీల్లోంచి సగం లేచారు. స్టేషను వెనక బాల్కనీ కొలతలే వేశాను. బాల్కనీని గది అని నమోదు చేశాను. దూలం ఏ అభ్యంతరమూ చెప్పలేదు. వారి ప్రింటరు మీదే షీటు అచ్చయింది. ఆయన చేతికిచ్చాను.

ఆయన పైనుంచి చదువుకుంటూ వచ్చి అడుగున ఆగారు.

“ఇది నేను వేయలేదు.”

“తమరి పేరుందండి.”

“పేరుంటే? నేను అసలు ఇంజనీర్నే కాను.”

“ఆ సంగతి షీటుకు తెలియదండి.”

ఆయన ఆ షీటును మడత పెట్టారు, మళ్ళీ విప్పారు. “దీన్ని చింపెయ్యొచ్చా?” అన్నారు మెల్లగా. “చింపండి. ఎన్ని కావాలంటే అన్ని వస్తాయి” అన్నాను. అన్నాక అది బెదిరింపులా వినిపించింది. నిజానికి నేను నా ప్రోగ్రాము గొప్పతనమే చెప్పాను, అలవాటు కొద్దీ.

కాపీ ఎలా బయటికి పోయిందని అడిగారు. దొంగ కాపీలకు కారణం కనిపెట్టడం సంస్థ బాధ్యత, అందులో సంస్థ విఫలమైంది అని రాసిచ్చాను. అన్నయ్య పేరు ఎక్కడా రాలేదు.

ఉత్తర్వు రద్దయింది. గుమాస్తాను మొక్కల దగ్గరినుంచి వెనక్కి పిలిపిస్తున్నారు. దూలం కొనాలన్న నిబంధన పరిశీలనలోంచి తీసేశారు. మా నలుగురిలో ఇద్దరు వేరే ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. వాళ్ళకు సిఫారసు ఉత్తరాలు నేనే రాశాను, సంతకం పెన్నుతో పెట్టాను.

నేను మీ మాట నమ్మలేదు. అన్నయ్య గొంతు విని మీది తప్పనుకున్నాను. దీనికి తగిన వాక్యం నాలుగుసార్లు రాసి కొట్టేశాను.

మరిది


ఆగస్టు 11

మరిదీ,

లైసెన్సు తిరిగి వచ్చింది. దాంతోపాటు, “సదరు షీట్లతో మీకు ఎట్టి సంబంధమూ లేదని ధ్రువీకరించడమైనది” అని కాగితమూ వచ్చింది. నువ్వు పక్క తలుపున పోతుంటే నేను చూశాను. పిలవలేదు. అప్పటికి లోపల ఏం చెప్పావో నాకు తెలియదు. తెలిశాక రెండు రోజులు కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తోచలేదు.

కాగితం వచ్చిన మర్నాడు ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడ వచ్చింది. చేతిలో వాళ్ళ ఇంటి షీటు.

“మీ పేరు చూసే ఇల్లు కొన్నామమ్మా.”

“అది నేను వేసింది కాదండీ. ఆఫీసువాళ్ళు కాగితం కూడా ఇచ్చారు, చూడండి.”

ఆవిడ నిలబడే అంతా చదివింది. మడిచి తిరిగి ఇచ్చింది. “మీది కాదమ్మా, అర్థమైంది. మరి పిల్లల్ని బాల్కనీలోకి పంపొచ్చా?”

ధ్రువీకరణలో దానికి జవాబు లేదు.

కార్యాలయానికి వెళ్ళి అడిగాను. ఆ షీట్లు ఇప్పుడు ఎవరివీ కావు కాబట్టి వాటి గురించి ఎవరికి రాయాలో తెలియడం లేదన్నారు. అందుకని రాయడం మానేసి తిరుగుతున్నాను. బాల్కనీ అంచున సిమెంటు కొద్దిగా చెక్కించి ఊచలు పైనున్నాయో కిందున్నాయో చూడటమే పని. ఇప్పటికి రెండు బాల్కనీల కింద దుంగలు నిలబెట్టించి తలుపులకు తాళాలు వేయించాను. మూడోదాని మీద ఒక ముసలాయన రోజూ పేపరు చదువుకుంటాడట. కుర్చీ లోపలికి జరపమంటే, “ఎవరమ్మా నువ్వు?” అన్నాడు. షీటు అడుగున చూసుకోండి అన్నాను. ఇంకేం చెప్పను.

మీ మనిషి తిరిగిన షాపుల చిరునామాలు నీ దగ్గరున్నాయి. దొంగ కాపీలు పట్టుకోవడానికి రాసుకున్నవే అయినా ఇప్పుడు వాటితో ఇళ్ళు పట్టుకోవాలి. నువ్వే తీసుకురా, పోస్టులో పంపకు. వచ్చి మన ఇంట్లోనే ఉండు. పన్ను మాత్రం వేరే డాక్టరుకు చూపించుకోవాలి. మీ అన్నయ్య వారంగా ఆసుపత్రి తెరవడం లేదు. నోరు తెరిచినవాళ్ళ ముందు చెయ్యి నిలవడం లేదంటున్నారు. నేను ఆయన్ని ఒక్క మాటా అనలేదు. అదే ఆయనకు ఎక్కువైనట్టుంది. రోజూ సంచి మోసుకుని నా వెంట ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఎవరైనా “మీరెవరండీ?” అంటే, “ఆవిడ తాలూకు” అంటున్నారు.

శుక్రవారం మార్కెట్టు వీధిలో నాలుగంతస్తుల ఇల్లు చూడాలి. టేపు ఒక చివర నేను పట్టుకుంటాను. రెండో చివర ఆయన పట్టుకుంటే కొలత నిలవడం లేదు. గురువారం రైలుకు వచ్చెయ్.

వదిన